టైరు చాటు ఎర్రగీత

గాలి దిగదులే, చక్రం లోపలి గాడంతా నున్నగా గరుకు పేపరు కొట్టి, పట్టిన తెల్ల బూజంతా గీకి పారేశాక ఇంక గాలి పోవడానికి దారెక్కడుంది, దిగదు, దిగదంటే దిగదు, అని డేవిడ్ పొద్దున పళ్లు తోముకుంటూ అనుకున్నాడు, చర్చికి బయల్దేరుతూ అనుకున్నాడు, ఇప్పుడు చర్చిలో మగవాళ్ల వైపు గోడవారగా చాప మీద మఠం వేసుకుని కూర్చుని మళ్లీ అదే అనుకుంటున్నాడు, పాస్టరు గారు వాక్యం చెబుతున్నారు, పైన ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది, ఆ ఫ్యానును చూసినా చక్రమే కళ్లలో మెదులుతోంది, తిరిగే వస్తువేదీ చూడకూడదని తల దించుకుంటే చాప అల్లికలో కూడా గుండ్రాలే, శంకరన్న ఈపాటికి ఎక్కడిదాకా పోయి ఉంటాడు, ఎండ ముదరకముందే పోతం తమ్మీ అన్నాడు, ధరూర్ నుంచి గద్వాల మీదుగా ఎర్రవల్లి చౌరస్తా, అక్కడ పెద్ద రోడ్డు ఎక్కితే ఇంక ఆయన కాలు ఆగదు, కొన్నది పాత కారే అయినా ఊళ్లో వాళ్లకు కొత్తదే కదా, బీచుపల్లి వంతెన మీద కృష్ణ నీళ్లు చూడండని భార్య ఉమక్కకు, చిన్న కూతురికి ఒక చేత్తో చూపిస్తూ ఇంకో చేత్తో నడిపే మనిషి, ఆ వేగంలో చక్రం విచ్చుకుందంటే, ఛ, విచ్చుకోవడమేంటి, గాలి దిగే సంగతి కదా అనుకుంటున్నది, గాలి నుంచి పగులుకు ఎప్పుడు పోయింది ఈ బుర్ర, పగులు అనే మాట తాను అనలేదు, లోపల ఎవరో అన్నారు.

ఆ శంకరన్న, అసలు పేరు శివశంకర్, ధరూర్‌లో పత్తీ పల్లీ పండించుకునే ఇంటి మనిషి, మాట మీద నిలబడే మనిషి, గద్వాలలో రాయచూరు రోడ్డు మీద డేవిడ్ రేకుల షెడ్డు వేసి, కారు చక్రాలకు రంగులు వేయబడును అని బోర్డు పెట్టినప్పుడు నవ్వినవాళ్లే ఎక్కువ, చక్రాలకు రంగేందిరా, బురదల తిరిగేటియి, అన్నవాళ్లే ఎక్కువ, శంకరన్న మాత్రం ఆగి చూసి, రెండు బండ్లను తానే పంపి, తన బండిని ఇప్పుడు తెచ్చాడు, నాగర్‌కర్నూల్‌లో మా చెల్లె వసంత కొడుకుకు తొట్టెల పండుగ తమ్మీ, మేనమామను నేను, తొట్టె నేనే పట్టుకపోవాలె, గీతలు పడ్డ చక్రాలేసుకోని వియ్యాలవారి వాకిట్ల బండి ఆపితే ఏం ఇజ్జత్ ఉంటది, నలుగురు చూసేటట్టు నల్లగ చెయ్యి, అన్నాడు, పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు, ఒక చక్రంల గాలి దిగుతుంటది, వారానికోసారి కొట్టిస్తున్న, పంక్చర్ లేదంటరు, జర చూడు, అన్నాడు, ఎప్పుడో గుంతలో పడి ఆ చక్రం బయటి అంచు కాస్త వంగి ఉంది, మిగతా మూడింటికీ గీతలే, చూస్తాలే అన్నా అన్నాడు డేవిడ్, చూశాడు కూడా, చూశాడా, చూశాడు, అంచును మెల్లగా కొట్టి సరిచేశాడు, టైరు అంచు కూర్చునే గాడిలో తెల్లటి బూజు పేరుకుని ఉంది, అల్యూమినియానికి తేమ తగిలితే పట్టే బూజు, దాని సందుల్లోంచి గాలి కారుతుంది, నూటికి తొంభై బండ్ల రోగం ఇదే, దాన్నంతా గీకేశాడు, అయిపోయింది, ఇంక దిగదు.

మరి ఆ ఎర్రగీత, అని లోపలి ఎవరో మళ్లీ అన్నారు, ఎర్రగీతకేముంది, కుంకుమ, దసరాకు బండికి పూజ చేస్తారు, చక్రాలకు పసుపు రాస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, టైరు కింద నిమ్మకాయ తొక్కిస్తారు, బండి షెడ్డుకు వచ్చినప్పుడు కూడా నాలుగు చక్రాల మీదా పసుపు ఎండి పెచ్చులు కట్టి ఉంది, డేవిడ్‌కు ఒక పద్ధతి ఉంది, ఎవరి బండి మీదైనా పూజ చేసిన గుర్తులుంటే బ్రష్షుతో గీకడు, మిషను పెట్టడు, ముందు తడిగుడ్డతో తానే మెల్లగా తుడుస్తాడు, ఆ గుడ్డ పిండిన నీళ్లను మోరీలో పోయకుండా షెడ్డు పక్కనున్న వేపమొక్క మొదట్లో పోస్తాడు, భార్య ఎస్తేరు చూసి నవ్వుతుంది, పాస్టరు కొడుకువు కావు గానీ పూజారి కొడుకువు కావలసినోడివి అని, నవ్వనీ, పని చేసుకుని బతికేవాడికి నలుగురి దేవుళ్లూ కావాలి, అలా తుడిచాకే చక్రాలను పక్క కొట్టు యేసుబాబు దగ్గరికి దొర్లించాడు, టైర్లు విప్పేది అతనే, విప్పిన చక్రాలకు రిమూవర్ పూస్తే పాత రంగు ముడతలు ముడతలుగా లేచొచ్చింది, తర్వాత సబ్బుసోడా నీళ్లతో కడిగి ఎండలో బోర్లించాడు, అప్పుడు కనిపించింది ఆ గాలి దిగే చక్రానికి, బయటి అంచు కింద, టైరు కూర్చునే గాడికి అడ్డంగా, వెంట్రుకంత ఎర్రగీత, వేలితో రాశాడు, పోలేదు, గోరు పెట్టబోయి ఆగాడు, కుంకుమ అనుకున్నాడు, కడిగిన నీళ్లతో కారి ఏదో గీరలో దిగబడి ఉంటుందిలే అనుకున్నాడు, దాని చుట్టూ పేపరు కొట్టాడు, దాని మీద మాత్రం కొట్టలేదు, ఎవరూ చూడకుండా ఒకసారి కళ్లకు అద్దుకున్నంత పని చేసి, పైన ప్రైమరు కొట్టాడు.

ప్రైమరు కొట్టాక చక్రం బూడిదరంగులో ఒక్కటే వరసగా అందంగా వచ్చింది, దుమ్ము లేవకుండా షెడ్డులో నేల మీద నీళ్లు చల్లి, తీగలకు నాలుగింటినీ వేలాడదీసి, నల్లరంగు రెండు కోట్లు, దాని మీద మెరుపు కోటు, ఎండ తగిలేసరికి మొహం చూసుకునేంత నిగనిగ, ఆ క్షణం డేవిడ్‌కు బతుకు మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పడం కష్టం, చేసిన పని ఎదురుగా వేలాడుతూ మెరుస్తుంటే ఏ మనిషికైనా అంతే, కానీ ఆ మెరుపులోనే ఒక చిన్న చిక్కు ఉంది, నాలుగూ ఒకేలా ఉన్నాయి, వంగిన అంచు ఏదో, గాలి దిగే చక్రం ఏదో, ఎర్రగీత దాక్కున్నది ఏదో ఇంక చూసి చెప్పలేడు, మంచిదే కదా, అలా తెలియకుండా చేయడానికే కదా జనం తన దగ్గరికి వచ్చేది, బాగు చేసిన చోటు కనబడకపోవడమే కదా ఈ పనిలో గొప్ప, నిన్న సాయంత్రం బండి తీసుకోవడానికి శంకరన్న తల్లి కిష్టమ్మను కూడా తెచ్చాడు, ఆమె చక్రాల చుట్టూ తిరిగి తిరిగి చూసి, అద్దాల లెక్క ఉన్నయి బిడ్డా, నీ చెయ్యి సల్లగుండ, అని కొంగున కట్టుకొచ్చిన కుంకుమ విప్పి నాలుగింటికీ బొట్లు పెట్టింది, పెడుతూ ఏదో అంది, ఏమంది, నవ్వుతూ అంది, కొడుకును ఎకసెక్కం చేస్తూ అంది, ఆ మాట నోటిదాకా వస్తోంది గానీ రావడం లేదు, తర్వాత తొట్టె పెట్టడానికి డిక్కీలో చోటు చాలక స్టెప్నీ చక్రాన్ని తీసి, ఇది నీ షెడ్లనే ఉండనీ తమ్మీ, వచ్చినంక తీస్కపోత, అని శంకరన్న అక్కడే దించేసి పోయాడు, అంటే ఇప్పుడు ఆ బండిలో మారు చక్రం కూడా లేదు, ఈ సంగతి నిన్న నవ్వులాటగా ఉంది, ఇప్పుడు లేదు.

అందరూ లేచి నిలబడ్డారు, పాట ఎత్తుకున్నారు, డేవిడ్ ఒక లిప్త ఆలస్యంగా లేచాడు, పక్కనున్న యేసుబాబు మోచేత్తో పొడిచాడు, నిద్రపోయినవా ఏందిరా అని గుసగుసగా, నిద్రపోయేది ఎప్పుడూ యేసుబాబే, ఈ రోజు తారుమారైంది, తాను పెదవులు కదిలిస్తున్నాడు గానీ పాట రావడం లేదు, చప్పట్లు కొడుతున్నారు, తాను కూడా కొడుతున్నాడు, ఒక దెబ్బ వెనక పడుతున్నాడు, పొద్దున ఫోను చేశాడు కదా శంకరన్నకు, ఎత్తలేదు, బండి నడుపుతూ ఎత్తడులే, మళ్లీ చేసి ఏమని చెప్పాలి, అన్నా చక్రం మంచిగున్నదా అని అడగాలా, రంగేసినవాడే అడిగితే ఆయనకు అనుమానం రాదా, ఏందిరా నీ పని మీద నీకే నమ్మకం లేదా అనడా, ఆ మాట ధరూర్‌లో ఒక్క నోటి నుంచి బయటికొస్తే చాలు, రాజోలి దాకా పాకుతుంది, ఆడవాళ్ల వైపు నుంచి ఎస్తేరు చూస్తోంది, ఆమెకు తెలిసిపోతుంది, చక్రాలు నీ తలకాయలనే తిరుగుతున్నయి కదయ్యా అని పొద్దున అననే అంది, అన్నం తింటూ ఆలోచనలో పడి ఆదివారం తెల్లచొక్కా మీద పప్పుచారు పోసుకున్నప్పుడు, పసుపు మరక జేబు మీద ఇంత పెద్దది, ఆగయ్యా, గట్లనే పోతవా జనంలకు, అని చొక్కా ఒంటి మీదుండగానే తడి సబ్బుముక్కతో రుద్దింది, రుద్దగానే మరక ఎర్రబడింది, అరె గిదేంది, నెత్తురు లెక్క అయింది, అన్నాడు తాను, పసుపుకు సబ్బు తగిల్తే ఎర్రగనే అయితది, ఎండకు పోతదిలే, ఇన్నేళ్లకు గిది కూడ తెల్వదా, అంది ఎస్తేరు, ఇప్పుడు తల దించి చూస్తే జేబు మీద ఆ మరక ఉంది, చుట్టూ గులాబీగా, నడుమ ముదురు ఎరుపుగా.

డేవిడ్ ఆ మరకను చూస్తూ ఉండిపోయాడు, ఎందుకు చూస్తున్నాడో తెలియడం లేదు, చూపు తిప్పుకుంటే మళ్లీ అక్కడికే వస్తోంది, అనుమానం వచ్చిన గీతకు చేయాల్సిన పని ఒకటుంది, అది తనకు రాకపోలేదు, గీత మీద డీజిల్ పూసి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లి కాసేపు ఆగితే చాలు, ఉత్త గీర అయితే సుద్ద తెల్లగానే ఉంటుంది, పగులైతే లోపలికి దిగిన డీజిల్ బయటికి ఊరి సుద్ద మీద నల్లగా గీత లేస్తుంది, లేచిందంటే ఆ చక్రానికి రంగు వేయకూడదు, పగిలిన చక్రం తుక్కు కిందికే, అతుకు పెట్టినా పెద్ద రోడ్డు మీద నమ్మడానికి లేదు, ఎన్ని చక్రాలకు చేశాడు ఆ పరీక్ష, ఎవరి బండి అయినా చేశాడు, మరి ఈ ఒక్కదానికి ఎందుకు చేయలేదు, కుంకుమ మీద డీజిల్ పోయాలా, వాళ్ల పూజ మీద డీజిల్ పోయాలా, అందుకని చేయలేదు, మర్యాద కొద్దీ చేయలేదు, మర్యాదే కదా, మర్యాదే.

వనపర్తిలో పని నేర్చుకునే రోజుల్లో ఇంకా మీసాలు సరిగా రాలేదు, ఉస్తాదు చెప్పింది చెప్పినట్టు చేయడమే తెలుసు, ఒక కొత్త కారు వచ్చింది, చక్రం మీద పసుపూ కుంకుమా గట్టిగా పట్టి ఉంటే వైరు బ్రష్షు పెట్టి బరబరా గీకేశాడు, కారు ఓనరు వెనక నిలబడి ఉన్న సంగతి చూసుకోలేదు, ఆ మనిషి అరవలేదు, అరిచినా బాగుండేది, మెల్లగా, నీ పేరేంది, అని అడిగాడు, డేవిడ్ సార్, అన్నాడు తాను, పేరు అడిగారు కదా అని సంబరంగానే చెప్పాడు, ఓహో, అన్నాడు ఆ మనిషి, అంతే, ఇంకేమీ అనలేదు, ఉస్తాదు వైపు తిరిగి, నా బండి పని వేరేవాళ్లతో చేయించు, అన్నాడు, ఆ ఓహో అనే మాట ఎన్నేళ్లయినా చెవిలోంచి పోలేదు, పెళ్లయినా పోలేదు, సొంత షెడ్డు వేసినా పోలేదు, బోర్డు రాసేవాడు కింద ప్రొప్రైటర్ పేరు రాయాలా అంటే వద్దులే, ఫోన్ నంబరు చాలు, అన్నాడు, ఎస్తేరు అడిగితే జాగా లేదని చెప్పాడు, తడిగుడ్డ పద్ధతి అప్పటినుంచి, వేపమొక్క పద్ధతి అప్పటినుంచి, శంకరన్న అలాంటి మనిషి కాదు, ఏ రోజూ ఒక్క మాట అనలేదు, భుజం మీద చెయ్యేసి టీ తాగుతాడు, ఆ సంగతి తెలుసు, తెలిసినా గోరు ఆగిపోయింది.

పాట అయిపోయి అందరూ కూర్చున్నారు, ఒరే యేసుబాబూ, అన్నాడు డేవిడ్ గుసగుసగా, ఆ మాట తన నోటినుంచి వస్తుందని తనకే తెలియదు, శంకరన్న బండి టైర్లు విప్పినవు చూడు, గాలి దిగే చక్రం, లోపల గాడి మీద ఏమన్న ఉండెనా, యేసుబాబు కళ్లు సగం మూసి, ఏముంటది, బూజు ఉండె, అన్నాడు, బూజు కాదురా, గీతలెక్క, అంటే కాసేపు ఆలోచించి, ఆ, ఉండె ఉండె, సన్నగ పచ్చగీత ఉండె, నీకు చూపిద్దామనుకున్న, నువ్వు ఎవలతోనో ఫోన్ల ఉంటివి, నేను మర్చిపోయిన, అన్నాడు, పచ్చగనా, ఎర్రగనా, మంచిగ యాద్ చేస్కో, పచ్చగనేరా, పసుపు లెక్క, ఎర్రగ ఎందుకుంటది, అని యేసుబాబు తల గోడకు ఆనించాడు, ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో వెనక్కి తిరిగి ఉరిమి చూశారు, డేవిడ్ తల దించుకున్నాడు, దించుకుంటే మళ్లీ జేబు, మళ్లీ మరక.

పసుపుకు సబ్బు తగిల్తే ఎర్రగనే అయితది, ఇన్నేళ్లకు గిది కూడ తెల్వదా, యేసుబాబు చూసినప్పుడు పచ్చగా ఉన్న గీత తాను సబ్బుసోడాతో కడిగాక ఎర్రబడింది, అంటే అది కుంకుమ కాదు, తడిగుడ్డతో తుడిచినప్పుడు గుడ్డ ఏ రంగైంది, పచ్చగా, అంతా పచ్చగా, ఎర్రచుక్క లేదు, వేపమొక్క మొదట్లో పోసిన నీళ్లు కూడా పచ్చనివే, నిన్న కిష్టమ్మ అన్న మాట ఇప్పుడు గుర్తొస్తోంది, ఇప్పుడా గుర్తొచ్చేది, కుంకుమ బొట్టు పెడుతూ కొడుకును చూసి, దసరా నాడు కుంకుమ తేరా అంటే మర్చిపోయి వచ్చిండు బిడ్డా, ఉత్త పసుపు రాసి పూజ అయిందనిపించినం, గందుకే గాలి దిగుతున్నది, ఈసారి మంచిగ బొట్టు పెడుతున్న చూడు, అంది, అందరూ నవ్వారు, తాను కూడా నవ్వాడు, ఆ నాలుగు చక్రాల మీద దసరా నాడు కుంకుమే లేదు, ఉన్నది పసుపు, పసుపు రాసింది టైరు మీదుండగా, బయటి మొహానికీ అంచుకీ, చెయ్యి పోయేది అంతవరకే, టైరు కింద గాడిలోకి ఏ చెయ్యీ పోదు, పోవాలంటే టైరు విప్పాలి, విప్పింది యేసుబాబు, విప్పగానే అక్కడ పసుపు ఉంది, తడిపసుపు అంచు మీద రాస్తే అది వెంట్రుకంత సందు వెతుక్కుని లోపలికి దిగింది, ఇనుమైనా అల్యూమినియమైనా గట్టిగా ఉన్నచోట పసుపు లోపలికి దిగదు, తాను సుద్దా డీజిలూ పోసి చేయాల్సిన పరీక్ష ఆ ముసలమ్మ దసరా నాడే చేసి పెట్టింది, చేసి తన కళ్ల ముందు పెట్టింది, ఆ సందు పగులు, గాలి పోయేది ఆ పగులులోంచే, ఆ పగులు మీద ప్రైమరు కొట్టి నల్లరంగు కొట్టి మెరుపు కొట్టి పంపాడు తాను.

ప్రార్థన చేసుకుందాం అన్నారు పాస్టరు గారు, అందరూ కళ్లు మూసుకున్నారు, డేవిడ్ లేచాడు, మోకాళ్ల మీదున్నవాళ్ల మధ్యనుంచి ఎవరి చెయ్యి తొక్కుతానో అని చూసుకుంటూ, చూసుకోకుండా, గుమ్మం దాటి మెట్ల మీదికొచ్చాడు, ఎండ మొహాన కొట్టింది, చెప్పులు ఎక్కడ విడిచాడో కనిపించడం లేదు, అన్ని చెప్పులూ ఒకేలా ఉన్నాయి, ఫోను తీశాడు, తొందరలో వేరే ఎవరికో పోయింది, కట్ చేశాడు, మళ్లీ నొక్కాడు, మోగుతోంది, ఎత్తన్నా, మోగుతోంది, బీచుపల్లి వంతెన మీద ఉన్నాడేమో, ఎత్తకు, నడుపుతూ ఎత్తకు, కాదు ఎత్తు, ఉమక్కనన్నా ఎత్తమను, మోగి మోగి ఆగిపోయింది, మళ్లీ నొక్కాడు, వెనకాల ఎస్తేరు వచ్చి నిలబడింది, కొంగు నెత్తి మీదే ఉంది, ఏందయ్యా, ఏమైంది, అంటే చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నాడు, అప్పుడు అవతల గొంతు పలికింది, ఆ చెప్పు తమ్మీ, ఇప్పుడే నీ గురించే అనుకుంటున్నం, పెబ్బేర్ల ఆగినం, మావోళ్లు టీ తాగుతున్నరు, నీ చక్రాలు చూసి ఇద్దరు అడిగిన్రు ఎక్కడ చేయించినవని, గానీ వెనక ఎడమ చక్రంల మల్ల గాలి దిగిందిరా, జర నారాజ్ అయిన, ఇప్పుడే కొట్టించిన, ఇగ ఎల్లుతున్నం.

ఎల్లకన్నా, అన్నాడు డేవిడ్, బండి కదపకు, దండం పెడత, ఒక్క అడుగు కదపకు, అది గాలి కాదన్నా, ఆ చక్రం పగిలింది, రంగు కింద పగులున్నది, స్పీడ్ మీద పోతే ఇచ్చుకుంటది, అమ్మను, ఉమక్కను, పాపను అందర్ని దింపు, నేను స్టెప్నీ తీస్కోని మోటర్‌సైకిల్ మీద వస్తున్న, నేనొచ్చేదాక ఆగు, అవతల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది, పగులుందా, నీకెట్ల తెలుసు, అన్నాడు శివశంకర్, గొంతు మారిపోయింది, చూసిన అన్నా, చూసినప్పుడు కుంకుమ అనుకున్న, అన్నాడు డేవిడ్, చూసినవా, చూసి రంగేసినవా, గోరు పెట్టి గీకి చూస్తే తెల్వదా నీకు, అంత పని వచ్చినోనివి, ఒక్కసారి ఎందుకు గీకలే చెప్పు, తొట్టె వేసుకోని పోతున్నం రా, ఇంటిల్లిపాది పోతున్నం, ఎందుకు గీకలే, అని అరుస్తున్నాడు, వెనకాల కిష్టమ్మ ఏందిరా ఏమైంది అంటోంది, పాప ఏదో అడుగుతోంది, డేవిడ్‌కు అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది, ఎండలో కళ్లకు కనిపించలేదన్నా అని, ఎస్తేరు ఎదురుగా నిలబడి ఉంది, ఆమె కూడా అదే అడుగుతున్నట్టు చూస్తోంది, నేను గీకితే మీరేమనుకుంటరో అని భయపడ్డ అన్నా, అన్నాడు, మీ పూజది, నా చేత్తోని గీకితే, నా పేరు, నేను, అని ఆగిపోయాడు.

అవతల ఫోను చేతులు మారింది, కిష్టమ్మ గొంతు, కొడుకు అరిచిందంతా వింది కాబోలు, ఇంకా ఆయాసపడుతోంది, పిచ్చోడా, గీకేదుంటే గీకాలె గద బిడ్డా, నువ్వు గీకితే మేం మల్ల రాసుకుంటుంటిమి, పసుపుకేం కరువొచ్చింది మాకు, అంది, కోపంగా అందో, జాలిగా అందో తెలియలేదు, అందరం దిగినం, చెట్టుకింద కూసున్నం, నువ్వు మెల్లగ రా, దబదబ వచ్చి నువ్వు పడేవు, అని పెట్టేసింది, ఎస్తేరు చెప్పులు వెతికి కాళ్ల ముందు పడేసింది, యేసుబాబు కూడా బయటికొచ్చి బండి తాళం తీస్తున్నాడు, లోపల ప్రార్థన ఇంకా సాగుతోంది, ఎర్రవల్లి దాకా ఇంతసేపు, వంతెన దాటడానికి ఇంతసేపు, అని లెక్కలు వేసుకుంటున్న బుర్ర ఉన్నట్టుండి ఆగిపోయింది, పెబ్బేరు వంతెనకు అవతలే కదా, వంతెన వాళ్లు అప్పటికే దాటారు, ఆ చక్రం మీదే దాటారు, డేవిడ్ చెప్పులో కాలు పెట్టబోయి అలాగే నిలబడిపోయాడు, మర్యాద, పద్ధతి, తడిగుడ్డ, వేపమొక్క అని ఇన్నాళ్లూ తాను పేర్లు పెట్టుకున్నదంతా ఒక్క భయమే, ఆ గీత కనిపించినప్పుడు తనకు గుర్తొచ్చింది శంకరన్న కాదు, కిష్టమ్మ కాదు, ఆ చిన్నపిల్ల కాదు, నీ పేరేంది అని ఎప్పుడో ఎవడో అడిగిన మాట, ఆ మాట ఇంకోసారి వినపడకుండా ఉంటే చాలని, తనను ఏనాడూ ఆ మాట అడగని వాళ్లను ఆ గీత మీద కూర్చోబెట్టి పంపించాడు.